తోటగా మారిన సందులు

ఆఫీసులో అందరూ ఆమెను రంగులమ్మ అనేవాళ్లు. జనాభా లెక్కలు పటాలకెక్కేటప్పుడు ఎవరికి ఏ రంగో తేల్చేది ఆమే. ఒక రంగును నమ్మాలంటే తెర మీద చూడాలి, కాగితం మీద చూడాలి, చివరికి కిటికీ దగ్గర పగటి వెలుగులోనూ చూడాలి. మనుషుల్ని మాత్రం ఆ మూడు చోట్ల చూసినా నమ్మేది కాదు.

ఆ ఏడాది తమ ఊరికి ఒక ఆసుపత్రి మంజూరైంది. డెబ్బై దాటినవాళ్లు ఎక్కువున్న చోట పలచని పసుపు, కుళాయి లేని ఇళ్లున్న చోట పలచని నీలం వేసింది. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డ చోట ఆసుపత్రి కట్టాలి. ఆ చోటు ఏటివార సందులేనని ఆమెకు తెలుసు. వాళ్లక్క ఉండేది అక్కడే.

ఆదివారం వెళ్తే అక్క దగ్గుతూనే నవ్వింది. "మొన్న మీ ఆఫీసు వాళ్లు ఇద్దరొచ్చారే. ఇక్కడ తోట ఉండాలి, ఏదీ అన్నారు. డాబా మీద రెండు మిరప మొక్కలుంటే చూపించి పంపాను."

ఆమెకు నవ్వు రాలేదు. సందుల్ని ఎవరో పటం లోంచి తుడిచేశారు. ఇంకెవరు, ఆసుపత్రి స్థలాల జాబితా తయారుచేసే తన పై అధికారే. వారం నుంచీ తను కనబడగానే ఫైలు మూసేస్తున్నాడు. మొన్న అడక్కుండా టీ ఇప్పించాడు. ఊరికే ఎవరిప్పిస్తారు?

సోమవారం నేరుగా ఆయన గదికి వెళ్లింది. "ఏటివార సందులేమయ్యాయి సార్?"

"అక్కడ మనుషులెక్కడున్నారమ్మా? మీ పటమే తోటలంటోంది. జాబితాలోంచి తీసేశాం." ఆయన అచ్చుపటాన్ని ఆమె వైపు తిప్పాడు.

ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పసుపు మీద నీలం పడి సందులన్నీ లేతాకుపచ్చగా మెరుస్తున్నాయి. మూలనున్న రంగుల పట్టికలో తోటలకూ అదే ఆకుపచ్చ. కన్ను చెదరకూడదని ఆమె ఎప్పుడూ పొలాలూ తోటలూ ఉన్న అడుగుపటాన్ని తీసేసే రంగులు సరిచూసుకునేది. అచ్చులో అది మళ్లీ వచ్చి చేరింది. నాలుగొందల ఇళ్లు, అక్క దగ్గు, అన్నీ ఆకులైపోయాయి.

"తప్పు నాది సార్. జాబితా ఆపండి."

"మధ్యాహ్నమే పైకి పోతుంది. రాసివ్వండి, చేరుస్తాను."

తప్పు తనదేనని రాసి సంతకం పెట్టింది. ఆయన ఆ కాగితం పట్టుకుని సొరుగు లాగాడు.

"సొరుగులో వద్దు సార్. ఇప్పుడే చేర్చండి." కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా మీద నమ్మకం లేదా?"

"నా కళ్ల మీదే లేదు, ఇంక మీ మీదెక్కడ సార్?"

ఆయన మూతి బిగించి సందుల పేరు రాశాడు. గుమాస్తా ముద్ర కొట్టి కవరు అంటించాడు. ఆమె ఆ కవరును వెలుగుకెత్తి చూసి, అప్పుడు లేచింది.