బాబాయి జీపుకు కమాన్లు మార్పించిన ఘనత

ఆ రోజుల్లో మా పల్నాట్లో జీపున్నవాడికి దక్కిన మర్యాద ఇప్పుడు విమానం కొన్నవాడికి కూడా దక్కదు. ఆ జీపు నడుస్తుందా, పదిమంది తోస్తేగానీ కదలదా అని అడిగే నాథుడు లేడు. ఇంటిముందు నిలబడి ఉంటే చాలు, దాని యజమాని అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకోవచ్చు. గురజాలకు దగ్గర్లో ఉన్న మా ఊళ్ళో ఆ భాగ్యం మా బాబాయిది. మిలిటరీవాళ్ళు ఇక మా వల్ల కాదని వేలంలో వదిలించుకున్న జీపును ఆయన ఎగబడి కొని, ఆకుపచ్చ రంగు మీద మళ్ళీ ఆకుపచ్చ రంగే పూయించి, సర్పంచి ఎన్నికల్లో నిలబడ్డాడు. ప్రచారమున్నన్నాళ్ళూ ఊళ్ళో పనీపాటా లేనివాళ్ళందరూ అందులోనే తిరిగారు, అందులోనే తిన్నారు, కొందరు అందులోనే నిద్రపోయారు. ఓట్లు మాత్రం అవతలాయనకు వేశారు. బాబాయి ఓడిపోయాడు. డొంకదారుల్లో ఆ మందను మోసీ మోసీ జీపు ఎడంపక్క కమాన్లు విరిగిపోయాయి. (కమాన్లంటే చక్రాల దగ్గర బండి బరువు మోసే ఇనప పట్టీల కట్టలు. ఆ పక్కవి పోయేసరికి జీపు ఎప్పుడూ ఎడమకు ఒరిగి, ఎవరి మాటో చాటుగా వింటున్నట్టు ఉండేది.)

నరసరావుపేటలో జీపుల రిపేరు చేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన కిందకి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకున్నాడు. "కట్టలు మార్చాల్సిందే పెద్దాయనా. ఒకపక్కే మారిస్తే కుదరదు, రెండు పక్కలా మార్చాలి. బుష్షులు, షాకబ్జార్బర్లు కూడా పోయినయ్. అన్నీ కలిపి పద్దెనిమిది వందలు అయిద్ది" అన్నాడు. బాబాయి మొహం చూడాలి! "ఎడంపక్కది విరిగితే కుడిపక్కది ఎందుకు మారుస్తావయ్యా? ఒక కాలు విరిగితే రెండో కాలికి గూడా కట్టు కడతారా ఏంది? పద్దెనిమిది వందలకి పాలిచ్చే గేదె వస్తది. నీ కమాన్లు పాలిస్తయ్యా?" అని లేచాడు. ఎన్నికల్లో ఊరందరికీ సారా పోయించడానికి వెనకాడని మనిషి, తను కూర్చునే బండికి నాలుగు ఇనప ముక్కలు వేయించడానికి ప్రాణం పోతున్నట్టు అరిచాడు. నాకు అసహ్యం వేసింది.

నేనప్పుడే బి.కాం. పాసయ్యాను. మా ఊరి మొత్తానికి కాస్తో కూస్తో తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు గట్టి నమ్మకం. దేహం కూడా పుష్టిగానే ఉండేది. (నడిచి వస్తుంటే గుమ్మాలు పక్కకు జరిగేవని మా అమ్మ అనేది. అమ్మ కాబట్టి ఊరుకున్నాను.) నరసరావుపేట నుంచి తిరిగొచ్చిన మర్నాడే బాబాయి కబురు పెట్టాడు. "ఒరేయ్, నేను నాలుగు ఆఫీసులకు తిరిగేవాణ్ణి. చదువుకున్నోడు నాతో ఉండాలిరా. రోజూ పొద్దున్నే వచ్చెయ్. పేటలో పత్తిమిల్లు ఓనరు మనోడే, గుమాస్తాగా నీ మాట చెప్తాలే" అన్నాడు. నా విలువ ఈ ఊళ్ళో ఇన్నాళ్ళకు ఒకరికి తెలిసింది అనుకున్నాను. ఇంట్లో ఉద్యోగం వచ్చేసినట్టే చెప్పుకున్నాను.

రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవాణ్ణి. ముందు ఎడంపక్క బాబాయి, స్టీరింగు దగ్గర డ్రైవరు మామ, ఆయన వెనక కుడిపక్కన నేను. ఎడంపక్కకు జరిగితే డ్రైవరు మామ "అబ్బాయ్, ఇటు, ఇటు" అని అరిచేవాడు. దారిలో ఎవరెక్కినా నా సీటు నాదే. పిన్ని నాకు ముద్ద ముద్దకీ నెయ్యి వేసేది, బాబాయి పక్కనే నిలబడి "ఇంకో గరిటె వెయ్యవే" అనేవాడు. ఆఫీసుల్లో నేను నోరు తెరవబోతే మాత్రం "నువ్వు జీపులో కూర్చోరా, బయలుదేరదాం" అనేవాడు. నా ఇంగ్లీషును చివరి అస్త్రంగా దాచిపెట్టాడనుకునేవాణ్ణి. ఒకసారి జ్వరం తగిలి చిక్కిపోతే బాబాయి బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చాడు. నన్ను కిందనుంచి పైదాకా చూసి, "చానా తగ్గిపోయావురా" అని నిజంగా దిగులుపడ్డాడు. సొంత కొడుకుని కూడా అలా చూడలేదు. లేచాక వెళ్ళేసరికి నా సీట్లో పెద్ద నాపరాతి బండ ఉంది. డ్రైవరు మామ దాన్ని కిందికి దించుతూ "హమ్మయ్య, వచ్చావా, దీన్ని ఎక్కించలేక నడుం పోతంది" అన్నాడు. ఈ మొద్దు మనుషులకు సీటుకూ సామాన్ల చోటుకూ తేడా తెలియదు కదా అని చీదరించుకుని కూర్చున్నాను.

కూర్చున్నవాణ్ణి నోరు మూసుకుని ఉంటే పోయేది. ఆ వంకర జీపులో దిగడం నా హోదాకు తలవంపుగా ఉందని, కమాన్లు మార్పించమని బాబాయిని రోజూ పోరు పెట్టేవాణ్ణి. ఆయన వినేవాడు కాదు. చివరికి వినుకొండలో ఒక పెళ్ళిలో, ఆయన్ని ఓడించిన సర్పంచి జీపు మా జీపుకు ఎడంపక్కన నిటారుగా నిలబడి ఉండటం చూపించి, "చూడు బాబాయ్, మన జీపు ఆయన జీపుకు వంగి దండం పెడతంది" అన్నాను. అది తగలాల్సినచోట తగిలింది. వారం తిరక్కుండా మిరపకాయలు అమ్మి పేటకు తీసుకెళ్ళాడు. భాయ్ చేతిలో నోట్లు పెడుతున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరుగుప్రయాణంలో జీపు సమంగా, మెత్తగా వచ్చింది. ఇదంతా నా తెలివి ఫలితమని దారి పొడుగునా మురిసిపోయాను.

మర్నాడు ఇస్త్రీ చొక్కాతో నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి జీపు కదులుతోంది. నా సీట్లో ఎవరూ లేరు. పరుగెత్తి పట్టుకోబోతే డ్రైవరు మామ తల బయటపెట్టి, "నువ్వింక రానక్కర్లేదు అబ్బాయ్, బండి సమంగా నిలబడింది" అని, దుమ్ము నా చొక్కా మీద పోసి వెళ్ళిపోయాడు. బాబాయి వెనక్కి కూడా చూడలేదు. నేను తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఆమె పాపం నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీకు తెలుసనుకున్నానురా! ఆయన బరువుకి ఎడంపక్క కుంగిపోతంది, కుడిపక్కన సరిపడా మనిషి కావాలన్నాడు. మన వంశంలో నీ అంత ఒళ్ళున్నోడు ఎవరున్నాడు?" అంది. మరి పత్తిమిల్లులో ఉద్యోగం అని అడిగాను.

"ఏ మిల్లురా?" అంది పిన్ని.

దొడ్లో బావి పక్కన, నా జ్వరంలో నా సీటెక్కిన నాపరాతి బండ ఉంది. అప్పటికే దానిమీద బట్టలు ఉతుకుతున్నారు. దానికైనా వెంటనే పని దొరికింది. బట్టలు ఉతికేవాళ్ళు లేచాక దానిమీదే కూర్చున్నాను. పిన్ని జాలిపడి అన్నం తెచ్చిపెట్టింది, ఈసారి నెయ్యి లేకుండా. తర్వాత నా అంతట నేనే బస్సెక్కి పేట వెళ్ళి, ఒక మిరపకాయల కొట్లో గుమాస్తాగా చేరాను. బాబాయిని చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. ఆయన పోయాక తిట్టుకోవడానికి కూడా మనసు రాలేదు.

ఇప్పుడు నాకూ ఒక పాత జీపుంది. ఎందుకు కొన్నావని మా ఆవిడ రోజూ అడుగుతుంది. మొన్న మెకానిక్ కిందకి దూరి చూసి, సస్పెన్షన్ మొత్తం మార్చాలని ఒక అంకె చెప్పాడు. "ఎడంపక్కదేగా పోయింది, కుడిపక్కది ఎందుకయ్యా?" అన్న మాట నా నోట్లోంచి వచ్చేసింది. గొంతు కూడా బాబాయిదే. రిపేరు వద్దని ఒరిగిన బండిలోనే ఇంటికొచ్చేసరికి, పక్కింటివాళ్ళబ్బాయి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంజనీరింగు పూర్తయింది, ఇంకా ఉద్యోగం రాలేదు, మనిషి మంచి పుష్టిగా ఉన్నాడు. అతన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూశాను.

"రేపు ఖాళీయేనా బాబూ? చదువుకున్నవాడివి, నాతో ఉంటే బాగుంటుంది" అన్నాను.

"తప్పకుండా అంకుల్" అన్నాడు, చొక్కా సర్దుకుంటూ.