మాండలిన్ కుడి పక్క

గుణదల సంగీతం మాస్టారి మాండలిన్‌కి కుడి పక్క చెక్క వంచింది నేను. మొన్న విజయవాడలో, నిండు సభలో, శాలువా కప్పించుకుని, "రెండు పక్కలూ నేనే వంచానండీ" అని మైకులో చెప్పుకున్నది మా అన్నయ్య. ఇది అన్యాయం. ముందు ఆ ముక్క రాసి పెట్టి, తర్వాత మిగతా సంగతులు చెబుతాను.

ఆ రోజుల్లో చదువు అబ్బని కుర్రాణ్ణి మేనమామ దగ్గర పడేయడం మా వైపు పద్ధతి. ఇప్పుడు కోచింగు కాలేజీలో పడేస్తున్నారు. ఏడుపు రెండు చోట్లా ఒకటే. మా మావయ్యకి గుణదలలో రేకుల షెడ్డు ఉండేది. వీణలు బాగుచేసేవాడు, మాండలిన్‌లు కొత్తవి కట్టేవాడు. అక్కడికి నన్నూ, మా పెద్దమ్మ కొడుకునీ ఒకేసారి పంపారు. ఇతగాడే అన్నయ్య. నాకంటే నెలల తేడాతో పెద్ద. (ఆ కాస్త తేడాకే జన్మంతా 'అన్నయ్యా' అనాల్సి వచ్చింది. అత్తయ్య కూడా అట్టు ముందు వాడి కంచంలోనే వేసేది.) మావయ్యకి కూతుళ్ళు లేరు కాబట్టి మా ఇద్దరి మధ్య పోటీ కేవలం చెక్క గురించే అని పాఠకులు గ్రహించాలి.

మాండలిన్ ముందు పలకనీ వెనక పలకనీ కలుపుతూ చుట్టూ తిరిగే పలచని చెక్కల్ని పక్కలంటారు. వాటిని తడిపి, కాలే ఇనప గొట్టం మీద అదుముతూ వంచి, ఆ వంపు నిలిచేలా కొయ్య అచ్చులో బిగించి ఆరబెట్టాలి. మా గొట్టం ఓ పాత చేతిపంపుది. దాని కింద రంపప్పొట్టు పొయ్యి. నీళ్ళు చిలకరిస్తే అట్లపెనంలా చుయ్‌మనాలి. అన్నయ్య ఆ పొయ్యి ముందు కళ్ళు సగం మూసుకుని, పసిపిల్లకి నలుగు పెడుతున్నట్టు చెక్కని నిమురుతూ కూర్చునేవాడు. అది ఏ మాయో గాని, వాడి చేతిలో వడలిన తమలపాకులా వంగేది. మావయ్య చూసి "ఊఁ" అనేవాడు. ఆయన మెప్పు అంతకు మించి ఉండేది కాదు. నా చెక్క చూసి కూడా "ఊఁ" అనేవాడు గాని, ఆ తర్వాత నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ గొట్టం మీద పెట్టేవాడు. వాడి 'ఊఁ' విన్న రోజు నాకు అన్నం సయించేది కాదు.

వాణ్ణి మించాలని ఏలూరు రోడ్డులో ఓ పాత పుస్తకాల కొట్లో వడ్రంగం మీద ఇంగ్లీషు పుస్తకం సంపాదించి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. (సగం పేజీలు చెదలు తిన్నాయి. మిగిలిన సగంతోనే నాకు మావయ్య కంటే ఎక్కువ తెలిసిపోయింది.) సరిగ్గా అప్పుడే మాస్టారు మాండలిన్ కట్టమన్నారు. మావయ్య ఒకే పలకలోంచి రెండు పక్కలు తీసి, ఎడమది అన్నయ్యకీ, కుడిది నాకూ ఇచ్చాడు. "చెక్కతో పోట్లాడకండిరా. అది ఒప్పుకున్నాకే వంచండి. ఆరేదాకా అచ్చులోంచి తీయకండి" అన్నాడు. నేను పుస్తకంలో చెప్పినట్టు వంచాను. "తొందరెందుకురా, గొట్టం ఇంకా కాగలేదు" అన్నాడు అన్నయ్య. "నువ్వు చదివావా, నేను చదివానా?" అన్నాను. వాడు పొయ్యిలో ఇంకో గుప్పెడు పొట్టు వేసుకున్నాడు. మర్నాడు పొద్దున, వాడు పళ్ళు తోముకుంటున్న సమయం చూసి, నా పక్కని అచ్చులోంచి తీసి మావయ్య ముందు పెట్టాను. వాడి కంటే ముందు చూపించిన ఘనత నాది. అది ఎవరూ కాదనలేరు.

"అప్పుడే ఎందుకు తీశావురా?" అన్నాడు మావయ్య.

"ఆరిపోయింది మావయ్యా. పట్టుకుని చూడు, ఎంత బిగువుగా ఉందో!"

బిగించేటప్పుడు అన్నయ్య పక్క సరిగ్గా చోటు చూసుకుని కూర్చుంది. నాది కొంచెం ఎడంగా నిలబడింది. అభిమానం గల చెక్క, ఎవరు పడితే వాళ్ళు చెబితే వింటుందా అనుకున్నాను. మావయ్య జిగురు పూసి, చుట్టూ తాడు కట్టి, నా వైపు మరికొన్ని చుట్లు ఎక్కువ వేశాడు. ఆ శ్రద్ధ చూసి నా గుండె పొంగింది. అన్నయ్య మొహం చిన్నబోయింది కూడా. నేను కళ్ళారా చూశాను.

తర్వాత నేను సొంతంగా టైపు నేర్చుకుని ఓ ఆఫీసులో కుదిరాను. వాడు షెడ్డులోనే ఉండిపోయి పెద్ద పనివాడనిపించుకున్నాడు. మాస్టారి మాండలిన్ ఎక్కడ మోగినా "మీ అన్నయ్య చెయ్యి" అనేవారు. ప్రతి పెళ్ళిలోనూ వాణ్ణి పక్కకి లాగి "కుడి పక్క ఎవరిది?" అని అడిగేవాణ్ణి. "ముందు భోంచెయ్యరా, పులిహోర అయిపోతోంది" అనేవాడు. అలా ఎన్ని పెళ్ళిళ్ళు గడిచాయో! చివరికి ఆ శాలువా దాకా వచ్చింది.

సభ అయిన మర్నాడే కంకిపాడులో వాడింటికి ఆటో కట్టించుకుని వెళ్ళాను. బీపీ మాత్ర జేబులో పెట్టుకుని, దారి పొడుగునా కోపాన్ని చల్లారనీయకుండా కాపాడుకుంటూ, ఓ చెక్కముక్క కోసం యుద్ధానికి బయల్దేరిన ఆ ముసలాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది. వదిన కాఫీ తెచ్చింది. పుచ్చుకోలేదు.

"వదినా, నువ్వే సాక్షి. ఈయన్ని చెప్పమను. కుడి పక్క వంచింది నేనా, కాదా?"

"చెప్పెయ్యండీ పాపం, కాఫీ చల్లారిపోతోంది" అంది వదిన.

అన్నయ్య కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అన్నాడు:

"నువ్వేరా. ఎవరు కాదన్నారు? వానలు పడ్డప్పుడల్లా ఆ పక్క జిగురు వదిలేసి బయటికి తన్నుకొస్తూనే ఉంది. మాస్టారు దాన్ని చంకన పెట్టుకొచ్చి, ఎవరయ్యా ఈ పక్క వంచిన మహానుభావుడూ అని అడుగుతూనే ఉన్నారు. నేనేనండీ అని నేను అతికిస్తూనే ఉన్నాను. ఈ ఏటి వానల నుంచి నీ పేరు చెప్పమంటావా?"