జెసింత నూలు లిల్లీలు

గుడియాత్తం తోళ్ల వీధి సంఘానికి ఈస్టరు పూలు జెసింత ఇంటినుంచే వెళ్తాయి. తోటలో పూసిన పూలు కావవి. ఏప్రిల్ ఎండకు ఆ ఊళ్లో ఏ పువ్వూ నిలవదు. తెల్లవారుజాము ఆరాధనకు కట్టిన సంపంగి దండ, ఆరాధన ముగిసేసరికే కోసి పారేసిన తోటకూర కాడలా వాలిపోతుంది. అందుకని అక్కడ తెల్ల నూలుతో, కొన వంగిన కొక్కి ఊసితో, అంటే క్రోషే సూదితో, అల్లిన లిల్లీలు కడతారు. పువ్వుకు ఆరు రేకులు, నడుమ పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన దారప్పోగులు. అల్లేటప్పటికి అది ఇంకా గుడ్డపేలికే. గంజిలో ముంచి, రేకు రేకునూ చీపురు పుల్లకు చుట్టి, నీడలో ఆరబెట్టి పుల్ల లాగితే అప్పుడు పువ్వవుతుంది. గంజి పలచనైతే రేకు వాలుతుంది, చిక్కనైతే పెళుసెక్కి విరుగుతుంది. ఎంత చిక్కగా ఉండాలో జెసింతను అడిగితే చెప్పడం రాదు. వేలు ముంచి చూసుకుంటుంది, అంతే.

అల్లిన మనిషే వాటిని సిలువకు కట్టాలి. ఇది ఆ సంఘంలో పాత వాడుక. మంచి శుక్రవారం సిలువకు కప్పిన నల్లగుడ్డను ఈస్టరు తెల్లవారుజామున, జనం కొవ్వొత్తులతో రాకముందే, ఆ మనిషి సిలువ ముందున్న మెట్లెక్కి తీస్తుంది. తీసి, అడుగునుంచి మొదలుపెట్టి పైకి పూలు కట్టుకుంటూ వెళ్తుంది.

జెసింతకు ఈ పని అత్త సెల్లమ్మ నుంచి వచ్చింది. సెల్లమ్మ తోళ్ల మండీలో ఉప్పు దులిపే కూలి. ఆ రోజుల్లో ఆ వీధి ఆడవాళ్లు ఆరాధనలో వెనక చాపల మీద కూర్చునేవాళ్లు. ముందు బెంచీలూ, ప్రభు బల్ల మీద గుడ్డ మార్చడమూ, ఇత్తడి పళ్లేలు తోమడమూ పెద్ద ఇళ్లవాళ్ల హక్కు. సెల్లమ్మ కొన్నాళ్లు వేలూరులో ఒక దొరసాని ఇంట్లో పనిచేసి, ఆమె పక్కన కూర్చుని అల్లిక పట్టుకుంది. ఒక ఈస్టరుకు కొంగులో పూలు మూటగట్టి తెచ్చి వాకిట్లో నిలబడితే, అప్పటి పాస్టరు ముసలాయన, "అల్లింది నువ్వు గదా, నువ్వే పోయి కట్టు" అన్నాడట. తోళ్ల వీధి ఆడది ఆ మెట్లెక్కడం అదే మొదలు. పెద్ద ఇళ్లవాళ్లు ఆ ఏడు ప్రభు భోజనం తీసుకోకుండా వెళ్లిపోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

జెసింత నాట్రంపల్లి పిల్ల. చిన్నప్పన్‌కు పెళ్లామై గుడియాత్తం వచ్చింది. చిన్నప్పన్ తోళ్ల మండీలోనే ఊపిరితిత్తులు చెడి, కూతురు బడికి పోయే వయసులోనే పోయాడు. ఆ తర్వాత జెసింత చెప్పుల కంపెనీలో పైతోలు కుట్టే పనిలో చేరింది. అక్కడ ఆమె ఒక మిషను వెనక ఒక వీపు. సూపర్‌వైజరుకు ఆమె పేరు కూడా సరిగా రాదు. ఏడాదిలో ఒక్క తెల్లవారుజామున మాత్రం ఆ సంఘమంతా ఆమె చేతుల్ని చూస్తుంది. ఆ ఒక్క తెల్లవారుజాము కోసమే ఆమె మిగతా రోజులు మిషను తొక్కేదని పక్కింటి పాపాతి ఎగతాళి చేసేది. అందులో ఎగతాళి తక్కువ, నిజం ఎక్కువ.

కూతురు కలైయరసి డిప్లొమా చదివి కాట్పాడిలో, కాలేజీ ఎదురుగా ఉన్న జెరాక్సు అంగట్లో చేరింది. ఆ వరుసలోనే ఇనుప సామాన్ల అంగడి బలరామయ్యది. తరతరాలుగా ఆ ఊళ్లో వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాళ్లు. ఆయన కొడుకు మోహన్‌రాజ్‌కూ కలైయరసికీ మనసు కలిసింది. బలరామయ్య, భార్య సరసమ్మ ఇంటి తలుపు మూసేశారు. ఇద్దరూ ఒక చిన్న కోవెల్లో పెళ్లి చేసుకుని మేడమీద గది ఒకటి అద్దెకు తీసుకున్నారు. ఆ పెళ్లికి పెద్దదిక్కంటూ వచ్చింది జెసింత ఒక్కతే. స్తంభం పక్కన ఒదిగి నిలబడింది. పూజారి అందరితోపాటు ఆమె చేతిలోనూ అక్షింతలు పోశాడు. తాళి కట్టినప్పుడు అందరూ వేశారు, ఆమె కూడా వేసింది.

ఆమె అక్షింతలు పట్టుకుని నిలబడ్డ ఫోటో ఎవరు పంపారో ఏమో, వారం తిరక్కుండా సంఘం సెక్రెటరీ చిన్నరాజు, పాస్టరయ్య కలిసి ఇంటికి వచ్చారు.

"ఏమక్కా, దీంట్లో ఉండేది నువ్వేనా?" చిన్నరాజు ఫోను ముందుకు చాపాడు.

"నేనే నాయనా."

"చేతిలో ఏముండాది?"

"బియ్యం."

"ఏం బియ్యం? అన్నం వండుకునే బియ్యమైతే మేమెందుకు వస్తాము?"

పాస్టరయ్య తిరుపత్తూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. టీ గ్లాసు చేతిలో తిప్పుతూ మెల్లగా అన్నాడు. "నాకేం కోపం లేదు జెసింతమ్మా. కానీ కమిటీ అనేది ఒకటుండాది గదా. ఆ చేత్తోనే పోయి సిలువకు పూలు కడితే నలుగురూ నన్నడుగుతారు."

"కూతురికి అక్షింతలు ఏసిన చెయ్యి అయ్యా. అన్నం తినేదీ అదే, మీకు టీ ఇచ్చిందీ అదే. ఇంకో చెయ్యి యాడనుంచి తెచ్చేది?"

చిన్నరాజు నవ్వాడు. "సెల్లమ్మత్త పోయినా ఆమె నోరు ఈ ఇంట్లోనే ఉండాది." తర్వాత నవ్వు ఆపి విషయం చెప్పాడు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకునేదాకా ఆమెకు ప్రభు భోజనం లేదు, మెట్లెక్కడం లేదు.

లేచి చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. "పూలు మాత్రం అల్లక్కా. పూలకేం దోషం? కట్టేది మా ఇంటామె చిత్ర కడుతుందిలే."

జెసింత చాలా నెలలు తప్పు ఒప్పుకోలేదు. ఆదివారం పోయి వెనక కూర్చునేది. అందరూ ప్రభు భోజనానికి లేస్తే ఆమె కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చేది. అయినా ఈస్టరుకు ముందు శ్రమదినాలు రాగానే ఊసి తీసింది. తాను కట్టని పూలు ఎందుకు అల్లుతున్నదో ఆమెకే తెలియలేదు. అల్లకుండా కూర్చుంటే చేతులు ఏం చేయాలో మాత్రం తోచలేదు.

అప్పటికి కలైయరసికి నెలలు నిండుతున్నాయి.

"పురుటికి మనింటికే వస్తానమ్మా. ఈడ నాకెవురుండారు?" అన్నది ఫోనులో.

"రాక యాడికి పోతావే. పండగ కానీ, నేనే వచ్చి పిలుచుకోనొస్తాను."

అటు పురుడు, ఇటు మెట్టు. రెండూ కావాలి. రెండూ ఎట్లా కుదురుతాయో పాపాతి చెప్పింది.

"నోటిమాటే గదా వదినా. బేస్తవారం నిలబడి చెప్పేసెయ్. ఆదివారం మెట్టెక్కు. పండగ పోయినాక కూతుర్ని తెచ్చుకో. కడుపుతో వచ్చిన బిడ్డను ఏ కమిటీ వచ్చి తరుముతాది?"

"దానికి తెలిస్తే?"

"నాలుగు గోడల మధ్య మాట. కాట్పాడి దాకా ఎవురు మోసుకోని పోతారు? దేవుడికా, నీ మనసు ముందే తెలుసు."

పవిత్ర గురువారం సాయంత్రం ప్రభు భోజనానికి ముందు జెసింతను ముందుకు పిలిచారు. పాస్టరయ్య ఒక్కో మాటా అందించాడు, ఆమె పలికింది. పెళ్లిలో ప్రమాణాలు పలికించినట్టే. తన కూతురిది దేవుని యెదుట పెళ్లి కాదన్నది. తాను అక్కడికి పోవడం పాపమన్నది. "ఆ ఇంటితో నాకు ఏ సంబంధమూ లేదు." ఇది ఆమె మెల్లగా అన్నది. పాస్టరయ్య వినపడలేదన్నట్టు మైకు దగ్గరగా జరిపాడు. ఆమె మళ్లీ అన్నది. తర్వాత రొట్టె ముక్క నోట పెట్టారు. ఇన్నాళ్ల తర్వాత తీసుకుంటున్న రొట్టె. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు.

మర్నాడు, శుక్రవారం ఆరాధన అయ్యి బయటికి వస్తుంటే పాపాతి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వదినా, బెంగళూరులో మా చెల్లెలు నిన్ను చూసినాదంట."

"నేను బెంగళూరు యాడ పోయినాను?"

"ఫోన్లో. నిన్న నువ్వు చెప్పింది మొత్తం. పాటగాళ్ల ముందర మూడు కాళ్ల కొయ్యకు ఫోను పెట్టుంటారు గదా, అది ఆరాధన మొత్తం ఊరూరికీ చూపిస్తాదంట."

ఆ ఫోను కరోనా కాలం నుంచి అక్కడే ఉంది. పాటలు రికార్డు చేసుకోవడానికి పెట్టారని జెసింత అనుకునేది. పాటగాళ్ల ముందుంటే ఇంకెందుకు అనుకుంటారు? పాపాతి కూడా అదే అనుకుంది. ఆ వీధిలో సగం మంది అదే అనుకునేవాళ్లు. ఆరాధనకు నేరుగా వచ్చి కూర్చునేవాళ్లకు దాన్ని ఫోనులో చూడాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

జెసింత నేరుగా చిన్నరాజు దగ్గరికి వెళ్లింది.

"నాయనా, అది తీసెయ్."

"ఏది?"

"నిన్న నేను చెప్పింది."

చిన్నరాజుకు నిజంగానే ఆశ్చర్యం కలిగింది. "ఎందుకక్కా? ఊరూరా ఉండే మనోళ్లు చూసినారు. ఎంతమంది ఆమెన్ అని పెట్టినారో చూడు. నీ సాక్ష్యం అది. తీసేస్తే అబద్ధం చెప్పినట్టు అయిపోదా?"

ఆమె కాట్పాడికి ఫోను చేసింది. మోహన్‌రాజ్ ఎత్తాడు.

"పండుకోని ఉండాది అత్తా. లేచినాక చెప్తాను."

"చూసినాదా?"

అతను ఎవరినీ నొప్పించడం చేతకాని పిల్లవాడు.

"ఇద్దరమూ చూసినాము. ఆరాధన ఉన్నపుడంతా పెడ్తాది అత్తా. నువ్వు యాడ కూర్చున్నావో వెతుకుతాది. ఏ చీర కట్టినావో నాకు చెప్తాది."

శనివారం జెసింత గంజి కాచింది. వేలు ముంచి చూసుకుంది. చెయ్యి ఆడకపోతే బాగుండునని ఒకసారి అనిపించింది. చెయ్యి ఆడింది. ఒక్క రేకు విరగలేదు, ఒక్క రేకు వాలలేదు. సాయంత్రానికి గది నిండా తెల్లటి పూలు ఆరుతున్నాయి. పాపాతి గడపలోంచి చూసి వెళ్లిపోయింది.

ఈస్టరు తెల్లవారుజామున ఆమె మెట్లెక్కింది. నల్లగుడ్డ తీసి మడిచి పక్కన పెట్టింది. అడుగునుంచి కట్టుకుంటూ పైకి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా చేసిన పనే కాబట్టి చూడకుండానే ముడులు పడుతున్నాయి. పైకొమ్మ దగ్గరికి వచ్చేసరికి వెనక చిత్ర గొంతు వినపడింది. ఆమె చేతిలోనూ ఫోనే.

"అక్కా, కొంజం పక్కకు జరుగు. నువ్వు అడ్డముండావు, సిలువ మొత్తం పడడం లేదు."

జెసింత పక్కకు జరిగింది. ఇంకా పడలేదన్నది చిత్ర. జెసింత ఒక మెట్టు దిగింది, తర్వాత ఇంకొకటి.

"ఆఁ, ఇప్పుడు బాగుండాది."

ఆరాధన అయ్యాక బయట ఇడ్లీలు పెడుతున్నారు. సైకిళ్లు నిలిపే చోట నిలబడి ఉండగా జెసింత ఫోను మోగింది.

"పూలు చూసినానమ్మా," అన్నది కలైయరసి. గొంతులో కోపం లేదు. అది ఉంటే కొంత నయంగా ఉండేది. "ఈ ఏడు శానా బాగా వచ్చినాయి."

"కలై, నేను నోటితో చెప్పినానే గాని..."

"తెలుసులేమ్మా. ఎవురైనా నోటితోనే గదా చెప్పేది."

"రేపు వస్తాను. పొద్దున బస్సుకే. నిన్ను పిలుచుకోనొస్తాను."

"వద్దమ్మా. మేము మా అత్తామామల ఇంట్లో ఉండాము." కలైయరసి ఆగి, ఊపిరి తీసుకుని చెప్పింది. "శుక్రవారం సాయంత్రం అత్తమ్మే వచ్చినాది మేడమీదకు. ఎవురో చూపించినారంట నీది. 'కన్నతల్లే వద్దనేసినాక మేము కూడా వద్దంటే ఈ పిల్ల యాడికి పోతాది' అనేసి, నా చెయ్యి పట్టి కిందికి తీసుకోనొచ్చింది. పురుడు ఈడనే. బాగా చూసుకుంటా ఉండారు."

"ఒకసారి చూసి పోతానే, అంతే," అన్నది జెసింత.

"ఇప్పుడు నువ్వొస్తే వాళ్లకు ఏం చెప్పేది? నువ్వు లేవనే గదా నన్ను రానిచ్చినారు," అన్నది కూతురు. మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "బిడ్డ పుట్టినాక ఫోటో పంపిస్తాలే. పో, తిను. పొద్దున్నించి ఏమీ తినుండవు."

ఫోను పెట్టేసింది.

పాపాతి ఆకు వేసి పక్కన చోటు ఉంచింది. జెసింత వెళ్లి వరుసలో కూర్చుంది. వడ్డిస్తున్న చిన్నరాజు ఆమె ఆకులో ఇంకో ఇడ్లీ వేసి, వచ్చే ఏడు పూలు ఇంకొన్ని ఎక్కువ అల్లమన్నాడు, కిటికీలకు కూడా పెడితే ఫోనులో నిండుగా కనపడుతుందట. ఆమె తలూపి, ఇడ్లీ తుంచుకుంది.