మట్టి రామేశ్వరమ్మ లోటా

నందికొట్కూరులో రామేశ్వరమ్మ దంచిన పప్పులపొడి చేటలో పోస్తే ఇసుకలా జారిపోయేది. ఆమె నోరు మాత్రం జారేది కాదు, కోసేది. మొగుడు పోయాక రోలే తనకు మొగుడని, ఈ మొగుడైతే ఎదురు మాట్లాడడని ఆమే అనేది.

పొడి బాగుందో లేదో తేల్చడానికి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. లోటా నిండా పొడి పోసి, బొటనవేలితో అదిమి, పళ్లెంలో బోర్లించి, మెల్లగా లోటా ఎత్తుతారు. బాగా ఆరిన పొడైతే కూలి పరుచుకుంటుంది. చెమ్మ తగిలిందైతే లోటా ఆకారంలోనే నిలబడుతుంది. నిలబడిన దాని నెత్తిన చింతగింజలు పేరుస్తారు. ఎన్ని మోస్తే అంత చెడ్డ పొడి.

మహానందిలో ఒక సత్రానికి ఏడాది పొడుగునా పొడి కావాలని మనిషి వచ్చిన రోజున, తనూ పొడి అమ్మే అంగడి కేశవయ్య అందరి ముందూ రామేశ్వరమ్మ పొడిని ఇలాగే చూశాడు. అప్పుడే తను నీళ్లు తాగి పెట్టిన లోటా అది. తుడవలేదు. పొడి గోడలా నిలబడింది. పిడికెడు చింతగింజలు పెట్టినా కదల్లేదు.

"ఇది పొడి కాదప్పా, గోడకు మెత్తే మట్టి," అన్నాడు సత్రం మనిషితో.

"లోటా తడిగుండాది శెట్టప్పా. తుడ్చి ఇంగోసారి చూడు," అంది రామేశ్వరమ్మ.

"తప్పు పొడిలో పెట్టుకోని లోటాను అంటావేమ్మా?"

అంగడంతా నవ్వింది. సత్రం బేరం కేశవయ్య పొడికే దక్కింది. ఆ రోజు నుంచి ఆమె మట్టి రామేశ్వరమ్మ అయింది. కుళాయి దగ్గర అదే పేరు, బస్టాండులో అదే పేరు, చివరికి తోడికోడలు ఓబులమ్మ నోట కూడా అదే. తిట్టు అయితే తిరిగి తిట్టవచ్చు, పేరును ఏం చేస్తుంది? పెట్టినవాడి చేతే తీయించాలనుకుంది. ఆ పగను రోట్లో వేసుకుని రోజూ దంచింది.

రెండువేల ఆరులో కేశవయ్య ప్యాకెట్ల మిషను తెచ్చాడు. పైన పెద్ద ఇనుప గరాటు. అందులో పొడి పోస్తే, కింద సన్నని గొంతు గుండా ప్యాకెట్లలోకి దిగాలి. పూజకు ఊరందరినీ పిలిచాడు. సత్రం మనిషీ వచ్చాడు. పిలవకపోయినా రామేశ్వరమ్మ ఉతికిన చీర కట్టుకుని పోయి ముందు వరసలో నిలబడింది.

కేశవయ్య కొబ్బరికాయను గరాటు అంచుకేసి కొట్టాడు. "లచ్చిమి లోపలికే పోనీ," అంటూ రెండు చిప్పల నీళ్లూ గరాటులోకే వంచాడు.

రామేశ్వరమ్మ చూసింది. ఒక్క మాట చెబితే గుడ్డ పెట్టి తుడిచేవాళ్లు. ఆమె పెదవులు బిగించి, భక్తిగా చేతులు జోడించింది.

పొడి పోశారు. మీట నొక్కారు. మిషను గుర్రుమంది గానీ పొడి దిగలేదు. చేత్తో తట్టారు, రోకలితో బాదారు. గరాటు గొంతులో పొడి ముద్దకట్టి కూర్చుంది.

"ఏం శెట్టప్పా, లచ్చిమి లోపల్నే కూచున్యట్లుండాదే," అంది రామేశ్వరమ్మ.

పూజ దగ్గరున్న లోటా అందుకుని, అందరూ చూసేలా కొంగుతో లోపలా బయటా తుడిచింది. గరాటు గొంతులోకి వేళ్లు పెట్టి పొడి తవ్వి, లోటాలో అదిమి, పళ్లెంలో బోర్లించి ఎత్తింది. నిలబడింది. చింతగింజల కోసం వెతకలేదు. పూజ నిమ్మకాయ తీసి దాని నెత్తిన పెట్టింది. అయినా కదల్లేదు.

"ఇది పొడినా, మట్టినా? నువ్వే చెప్పు. నీకు బాగా తెలుసు గదా."

"పొడి మంచిదేమ్మా," అని గొణిగాడు కేశవయ్య. "కొబ్బరినీళ్లు తగిలె."

"గట్టిగా చెప్పప్పా. సత్రం ఆయప్పకు ఇనపడలే."

"తడి తగిలితే ఎంత మంచి పొడైనా నిలబడ్తాది," అన్నాడు గొంతు పెంచి. అనేశాక గానీ ఆ మాట అతని చెవికే ఎక్కలేదు.

"నా పొడికి తగిలినేది నువ్వు తాగిన నీళ్ల తడి," అంది రామేశ్వరమ్మ. "ఆ పొద్దు ఈ మాట నీ గొంతులో అడ్డం పడె."

మొదట నవ్వింది ఓబులమ్మే. తర్వాత ఊరు నవ్వింది. సాయంత్రానికి పేరు ఇల్లు మారింది. మట్టి శెట్టి అంగడి యాడ అని అడిగితే బస్సు దిగినవాళ్లకు కూడా దారి చూపించారు.

ఇప్పుడు కేశవయ్య భార్య నాగరత్నమ్మ ఇంట్లోకి పొడి కావాలని వస్తే రామేశ్వరమ్మ లేదనదు. ముందు లోటా చేతికిస్తుంది.

"తుడ్చు నాగరత్నమ్మా, నీ చేత్తోనే. ఊహూఁ, ఇంగ రవ్వంత."

లోటా ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. అయినా తుడిపిస్తుంది.