లెక్కల సార్ పెన్ను మూత

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ అనుభవం తర్వాత కూడా లేదు. మాది కారంపూడి. చిన్నప్పుడు మా నాయనమ్మ అన్నం పెడుతూ దయ్యాల కథలు చెబితే, ఆ దయ్యం పొద్దున్నే పళ్ళు తోముకుంటుందా అని అడిగి తిట్లు తిన్నదాన్ని. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

ఇంటర్ అయ్యాక నాకొచ్చిన ఎంసెట్ ర్యాంకు నలుగురిలో చెప్పుకునేది కాదు. పరీక్ష పేరు మారి చాలా కాలమైనా మా ఇళ్ళలో ఇంకా ఎంసెట్ అనే అంటారు. ప్రభుత్వ కాలేజీలో ఇంజినీరింగ్ చదవాలని నా పట్టుదల. మిర్చి కోతల మధ్యలో మా నాన్న ఒకే మాట చెప్పాడు.

"ఈ ఒక్క యాడాది ఇస్తన్నా. ఈసారీ రాకపోతే మాచర్లలో డిగ్రీలో చేరు. మళ్ళీ ఇంజినీరింగు మాట నా దగ్గర ఎత్తొద్దు."

మా నాన్న అన్నాడంటే అన్నట్టే. అలా నరసరావుపేటలో లాంగ్ టర్మ్‌లో చేరాను. అంటే ఏడాదంతా వేరే పని లేకుండా ప్రవేశ పరీక్షకే చదవడం. నాతో ఇంటర్ చదివినవాళ్ళు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫోటోలు దిగి స్టేటస్‌లు పెడుతుంటే, నేను హాస్టల్ వరండాలో కూర్చుని పాత పేపర్లు చేస్తూ ఉండేదాన్ని. సిగ్గుగా ఉండేది. అసూయ కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

నా జబ్బు మైనస్ గుర్తు. పద్ధతి వచ్చు, సూత్రం వచ్చు, మూడో మెట్టులో మైనస్ ఎక్కడో జారిపోతుంది. అన్నీ వండి ఉప్పు మరిచిపోయినట్టు ఉండేది నా పని.

ఆ జబ్బుకు మందు వేసింది మా లెక్కల సార్. యాభై దాటిన మనిషి, బక్కగా ఉండేవారు. స్లిప్ టెస్ట్ పెట్టినప్పుడు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఒక్క మాట మాట్లాడకుండా బల్లల మధ్య తిరిగేవారు. చేతిలో ఇంకు పెన్ను మూత ఉండేది. మన వెనకాల ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలిసేది కాదు. లెక్కలో తప్పుంటే బల్ల అంచు మీద ఆ మూతతో రెండు దెబ్బలు కొట్టేవారు. టక్ టక్. ఎక్కడ తప్పో చెప్పరు. ముందుకు వెళ్ళిపోతారు. మేం ఆయనకు టకటక సార్ అని పేరు పెట్టాం.

అంతా సరిగ్గా ఉంటే ఒకే దెబ్బ. సరిపోయింది, ముందుకు పో అని. ఆ ఒక్క దెబ్బ క్లాసులో ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ వచ్చేది కాదు. అది వచ్చినవాళ్ళు ఆ రోజంతా నేల మీద నడిచేవాళ్ళు కాదు. నాకు ఏడాదిలో ఒక్కసారీ రాలేదు.

మొదటి నెలలో ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, తప్పు ఎక్కడ సార్ అని.

"తప్పు చేసింది నువ్వు. దాని అడ్రసు నన్నడుగుతావేందే?" అన్నారు. క్లాసంతా నవ్వింది. తర్వాత ఆయనే కొంచెం మెత్తబడి, "నేను చూపిస్తే రేపు మళ్ళీ చేస్తావు. నువ్వే పట్టుకుంటే అది నీ జోలికి రాదు" అన్నారు.

నిజమే. దసరా సెలవులు దాటేసరికి టక్ టక్ వినగానే నా కళ్ళు వాటంతటవే వెనక్కి నడిచి మైనస్‌ను వెతుక్కునేవి.

ఫిబ్రవరిలో సార్ సెలవు పెట్టారు. కిడ్నీలు పాడయ్యాయని, గుంటూరు ఆసుపత్రిలో ఉన్నారని తెలిసింది. మార్చిలో పోయారు. క్లాసులో రెండు నిమిషాలు మౌనం పాటించాం. మూడో నిమిషంలో కొత్త సార్ బోర్డు మీద లెక్క మొదలుపెట్టారు. ఆయన తప్పేమీ లేదు, పరీక్ష దగ్గరికొచ్చింది. కానీ నాకు కోపం వచ్చింది. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

పరీక్ష మేలో. ఊరి బయట ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో, పొద్దున పూట. ఈ వివరాలు జాగ్రత్తగా చెబుతాను. ల్యాబ్‌లో చెక్క బల్లలు లేవు. గోడ పొడవునా సిమెంటు దిమ్మెలు కట్టి, పైన గ్రానైట్ పలకలు వేశారు. సీటుకీ సీటుకీ మధ్య అట్ట అడ్డం. ఇన్విజిలేటర్ మేడం గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. నా వెనక ఖాళీ నడవా, ఆ తర్వాత గోడ. చేతిలో పెన్ను, ముందు రఫ్ కాగితాలు. మూడు గంటలు, నూట అరవై ప్రశ్నలు.

గంట గడిచింది. లెక్కల్లో ఒక ప్రశ్నకు జవాబు వచ్చింది, ఆప్షన్లలో కూడా ఉంది. మౌస్ మీద వేలు పెట్టాను. వెనక నుంచి టక్ టక్ అని వినపడింది.

తిరిగి చూశాను. ఎవరూ లేరు. మేడం తన కుర్చీలోనే ఉంది. భయపడే తీరిక లేదు. అలవాటు చొప్పున కాగితం మీద వెనక్కి వెళ్ళాను. నాలుగో వరుసలో మైనస్ లేదు. సరిచేస్తే వేరే జవాబు వచ్చింది. ఆప్షన్లలో అది కూడా ఉంది.

ఇక్కడి దాకా నాకూ వివరణ ఉంది. ఏడాదిగా ఆ చప్పుడుకు అలవాటు పడిన బుర్ర, తప్పును చూసి తనే చప్పుడు పుట్టించుకుంది. సరే.

రెండోసారి ఇంకో ముప్పావు గంటకు వినపడింది. టక్ టక్. ఈసారి లెక్కలో తప్పు లేదు. మూడుసార్లు చూశాను. మొదటి నుంచి మళ్ళీ చేశాను. అదే జవాబు. నాలుగైదు నిమిషాలు పోయాయి. సార్ మీద కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. నా చివరి అవకాశం ఇది, పోయినవాళ్ళు పోయినట్టు ఉండకుండా ఏందీ పని అనుకున్నాను. ఏం చేయాలో తోచక పెన్ను పక్కన పెట్టి తెరంతా చూశాను. తెరకు కుడి పక్కన ప్రశ్నల నంబర్లు గడుల్లో ఉంటాయి. జవాబు నమోదైతే గడి ఆకుపచ్చగా మారాలి. నేను జవాబు పెట్టినవాటిలోనే పదకొండు గడులు ఎర్రగా ఉన్నాయి.

జరిగింది ఇదీ. కష్టమైనవి వదిలేస్తూ పోయే తొందరలో, జవాబు ఎంచుకున్నాక సేవ్ నొక్కకుండా నేరుగా తర్వాతి నంబరు మీద నొక్కుతూ వచ్చాను. అలా చేస్తే జవాబు నమోదు కాదు. పోయినేడు ఒకసారి తెర మీద రాసినా, ఏడాదంతా కాగితం మీద టెస్టులు రాసి అది మరిచిపోయిన నాలాంటివాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. పదకొండు ప్రశ్నలు నేను చేసి కూడా చేయనట్టే.

పదకొండూ మళ్ళీ పెట్టి సేవ్ చేశాను. మళ్ళీ చప్పుడు రాలేదు. ఆ ఒక్క దెబ్బ వస్తుందేమోనని చివరి నిమిషం దాకా చెవులు రిక్కించి కూర్చున్నాను. రాలేదు.

నన్ను ఇప్పటికీ వదలనిది ఈ రెండోదే. సార్ కంప్యూటర్ ముట్టుకోని మనిషి. ఫోన్‌లో మెసేజ్ పంపాలన్నా మమ్మల్ని పిలిచేవారు. పైగా అది గ్రానైట్ మీద కొట్టిన చప్పుడు కాదు. మా క్లాసులో చెక్క బల్ల చప్పుడు. దాన్ని నేను పొరబడను.

బయటికొచ్చాక నా పక్క సీట్లో రాసిన అమ్మాయి చెట్టు కింద ఎదురైంది. క్రోసూరు అమ్మాయట, ఎప్పుడూ చూడలేదు. మొహం చిట్లించుకుని దగ్గరికొచ్చింది.

"అక్కా, లోపల బల్ల మీద కొడతా ఉంది నువ్వేనా? చానా చిరాకేసింది నాకు."

ఎన్నిసార్లు విన్నావని అడిగాను.

"రెండుసార్లు. రెండేసి దెబ్బలు. మేడం కూడా ఏందో పట్టించుకోలా."

నేను కాదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. వాళ్ళ నాన్న పిలిస్తే వెళ్ళిపోయింది. పేరు కూడా అడగలేదు నేను, ఆ తెలివితక్కువతనానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ర్యాంకు వచ్చింది. గొప్పది కాదు కానీ ప్రభుత్వ కాలేజీలో సీటుకు సరిపోయింది, బొటాబొటిగా. ఆ పదకొండు ప్రశ్నలు పోయి ఉంటే వచ్చేది కాదు. నాన్న, నేను పళ్ళు తీసుకుని సార్ ఇంటికి వెళ్ళాం.

సార్ భార్య తలుపు తీసింది. గోడకు ఫోటో ఉంది, జేబులో ఆ ఇంకు పెన్నుతోనే. పరీక్ష సంగతి చెప్పకూడదనే అనుకుని వెళ్ళాను. ఫోటో చూశాక ఆగలేకపోయాను, రెండు దెబ్బల సంగతంతా చెప్పేశాను. నాన్న ఇబ్బందిగా కదిలాడు. ఆమె నవ్వలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ కూర్చుంది.

"ఆయన క్లాసు సంగతులు ఇంట్లో చెప్పేవాడు కాదమ్మాయ్. ఆఖరి రోజు మాట పడిపోయింది. నేను పక్కనే కూర్చోనుంటే, నా మొహం చూస్తా మంచం పట్టీ మీద వేలితో కొట్టాడు. నీళ్ళా అన్నా. డాక్టరునా అన్నా. మళ్ళీ కొట్టలా. ఏందో అడిగాడు, నేను ఇయ్యలేకపోయా. అప్పటినుంచి అదే నా మనసును తొలుస్తా ఉంది."

"ఎన్ని దెబ్బలు ఆంటీ?" అని అడిగాను.

"ఒక్కటే."

"రెండోది లేదు కదా? బాగా గుర్తుందా?"

"ఒక్కటేనమ్మా. ఒక్కటి కొట్టి ఊరుకున్నాడు."

అప్పుడు చెప్పాను, ఒక్క దెబ్బకు మా క్లాసులో అర్థం ఏంటో. ఆయన ఏమీ అడగలేదని. అంతా సరిగ్గా ఉంది, ముందుకు పో అన్నారని. ఏడాదంతా చచ్చీచెడీ చదివినా నాకు రానిది ఆమెకు ఇచ్చారని.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసుల చప్పుడు వినపడింది. కాసేపటికి కాఫీ తెచ్చింది. చక్కెర వేయడం మరిచిపోయింది. మూడు చెంచాలు లేనిదే ముట్టని మా నాన్న, ఆ గ్లాసు చివరిదాకా తాగేశాడు.

ఇప్పుడు ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. ఈ సంగతి చెబితే స్నేహితులు మనసు చేసే గారడీ అంటారు. అయి ఉండొచ్చు, నేను వాదించను. క్రోసూరు అమ్మాయి మనసు కూడా అదే గారడీ ఎందుకు చేసిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేను.

పరీక్ష రాసిన ప్రతిసారీ, పేపరు ఇచ్చేసే ముందు ఒక నిమిషం ఊరికే కూర్చుంటాను. ఆ ఒక్క దెబ్బ నాకింకా రాలేదు.