అరచేతుల శ్లోకం

ఈ ఉదయం షెడ్డు తలుపు తీయగానే మామిడి సొన వాసన గుప్పుమంది. తొడిమ తుంచినప్పుడు కారే ఆ జిగురు వాసన ఇరవయ్యేళ్లుగా పీలుస్తున్నాను, విసుగొచ్చేసింది. అయినా పీల్చిన ప్రతిసారీ వెంకాయమ్మత్త గుర్తుకొస్తుంది.

ఆవిడ నూజివీడు దగ్గర, తొడిమలు తుంచి కాయల్ని ట్రేల్లో సర్దే ఈ మామిడి షెడ్డులో ఆడకూలీల మేస్త్రీగా ఉండేది. నాకు చుట్టమేమీ కాదు, అందరికీ అత్తే. పొద్దున్నే పనికి ముందు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, అరచేతులు చూసుకుంటూ చెప్పే చిన్న సంస్కృత శ్లోకం చెప్పించేది. వేళ్ల కొసల్లో లక్ష్మి, అరచేతి మధ్యలో సరస్వతి ఉంటారని చెప్పే శ్లోకమే.

"అది నిద్ర లేవగానే చెప్పుకోవాలి కదత్తా" అని ఒకసారి దెప్పాను.

"లేవగానే నీకు పొయ్యి కనపడుద్దా, చేతులు కనపడతాయా? ఇక్కడే చెప్పు" అంది.

మేం చెబుతుంటే తాను మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని వరుస ముందు నడిచేది. ఈవిడ భక్తి మా ప్రాణం తీస్తోందని చాటుగా నవ్వుకునేవాళ్లం.

నేను చేరిన ఏడాదే సొన పడి నా కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. మా ఆయన మంచాన పడి ఉన్నాడు. ఆ సీజనులో పని పోతే మాకు తిండి లేదు. అందుకని మర్నాడు చెయ్యి సగం ముడిచిపెట్టి శ్లోకం చెప్పాను. అత్త నా ముందు ఆగింది.

"మళ్లీ చెప్పండి" అంది. చెప్పాం. "ఇంకోసారి" అంది. పక్కనున్నవాళ్లు గొణిగారు. మూడోసారికి నాకు ఏడుపొచ్చి చెయ్యి విప్పేశాను.

అత్త బొబ్బలు చూసి, కొబ్బరినూనె సీసా తెచ్చి నా పక్కన పెట్టింది. "తగ్గేదాకా తొడిమలు ముట్టుకోకు. ట్రేల్లో కాగితాలు పరుచు."

"మాన్పించేస్తావనుకున్నానత్తా."

"అడిగితే అందరూ బానే ఉందంటారే. అందుకే ఈ శ్లోకం."

"అయితే దేవుడి కోసం కాదా?"

"ఆయనా చూస్తాడు, నేనూ చూస్తా. నీకేంటి నష్టం?"

పోయిన ఏడాది అత్త చనిపోయింది. స్నానం చేయించేటప్పుడు ఆవిడ చేతులు నేనే కడిగాను. రెండు అరచేతుల నిండా మచ్చలు, పగుళ్లు. ఎడమ చేతి మీద ఒక పుండు ఇంకా పచ్చిగానే ఉంది. అన్నేళ్లలో "నీ చేతులు చూపించత్తా" అని మాలో ఒక్కరమూ అనలేదు. ఆ రోజు నాకు ఏడుపు కంటే సిగ్గే ఎక్కువ కలిగింది.

ఇప్పుడు మేస్త్రీని నేను. ఈ ఉదయం ఒళ్లంతా నొప్పులు, లారీ అప్పటికే గేటు దగ్గర ఉంది. "శ్లోకం రేపు చెప్పుకుందురు గానీ, ముందు కాయ ఎక్కించండి" అన్నాడు గుమాస్తా. నాకూ మానేద్దామనే అనిపించింది. కానీ మానలేదు. అత్తలా వరుస ముందు నడవను నేను. వరుసలోనే చేతులు విప్పి నిలబడతాను. పక్కన ముసునూరు నుంచి కొత్తగా వచ్చిన మంగ, శ్లోకం మధ్యలో తన చేతులు వదిలేసి నావి చూసింది.

"పిన్నీ, నీ బొటనవేలు చీము పట్టినట్టుందే."

బానే ఉందిలే అన్న మాట నోటిదాకా వచ్చింది.

"రెండో చెయ్యి కూడా చూపించు" అంది మంగ.

చూపించాను. ఆ తర్వాత నా వాటా తొడిమలు తనే తుంచింది. నేను ట్రేల దగ్గర కూర్చుని కాగితాలు పరిచాను.