ముడికో పువ్వు

మొన్న ఆదివారం సూరత్‌లో కడోదరా రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లాం. పెళ్లికి వెళ్లినవాళ్లు ముందు పెళ్లికూతురి కోసం చూస్తారు, ఆకలేసినవాళ్లు భోజనాలు ఎటువైపో చూస్తారు. నేను తలెత్తి పైకి చూశాను. సీలింగు నిండా కాగితం పూలు దారాలకు వేలాడుతూ, ఏసీ గాలికి మెల్లగా తిరుగుతున్నాయి. డెకరేషన్ చేసిన ఆసామి కాబోలు, చేతులు కట్టుకుని నిలబడి, ఇది ఈ సీజన్‌లో కొత్తగా దిగిన డిజైన్ అనీ, చేత్తో చేసింది కాబట్టి రేటు కొంచెం ఎక్కువే అనీ ఎవరికో చెబుతున్నాడు. నా పక్కనే ఉన్న మా అత్తమ్మ కళ్లద్దాలు సర్దుకుని పైకి చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత నా మోచెయ్యి గిల్లి, "ముడులు ఏడ దాచిండ్రు బిడ్డా?" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ ఆసామి మా వైపు గుర్రుగా చూశాడు. చూడనీ, ఆయనకేం తెలుసు, ఆ కొత్త డిజైన్‌ను ఈ ముసలావిడ ఎప్పుడో ఉధ్నాలో ఒక ఇరుకు సందులో దించేసిందని!

ఆ సందులో మేం అద్దెకుండేవాళ్లం. ఎదురింటావిడ పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములొచ్చేంత ఇరుకు. పొద్దస్తమానం మగ్గాల చప్పుడు. అది ఎంత అలవాటైపోయిందంటే, కరెంటు పోయి మగ్గాలు ఆగిపోతే ఉలిక్కిపడి లేచేవాళ్లం. మామయ్యా, మా ఆయనా పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవారు. సందులోని ఆడవాళ్లందరిదీ దారం కత్తిరించే పని. మిల్లు నుంచి చీరలు మూటలుగా మా గడపల్లోకి వచ్చేవి. చీర ముఖం మీద నెమళ్లు, మామిడి పిందెలు ధగధగలాడుతుంటాయి గానీ, తిరగేస్తే వెనక అన్నీ ముడులూ, వేలాడే దారపు కొసలూ. ఆ కొసలను కత్తిరించి, నున్నగా చేసి, మడతపెట్టి తిరిగి పంపాలి. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా చేతికి పసుపు ఆరకముందే అత్తమ్మ కత్తెర ఇచ్చింది. తప్పేం లేదు, ఆవిడకూ వాళ్ల అత్తగారు అలాగే ఇచ్చిందట.

మా ఆడబిడ్డకు కడోదరా సంబంధం కుదిరింది. మా వాళ్లే, మా సిరిసిల్ల దిక్కువాళ్లే, సొంతంగా మగ్గాలున్నవాళ్లు. పిల్లవాడు బుద్ధిమంతుడు. వాళ్లమ్మ కూడా మంచిదే, కాకపోతే ఆవిడ ఒక మాట అంటే ఇక అది మాటే. నిశ్చయం నాడు మా సందు మొదట్లో ఆటో దిగి, ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి చూసింది. టీ తాగుతూ చల్లగా అంది. "వదినె, గీ గల్లీల మా సుట్టాలు ఏడ కూసుంటరు? మా దిక్కు మంచి హాలున్నది. పెండ్లి ఆడ జేద్దాం. మీరు పిల్లను తోల్కొని రాండ్రి, సాలు."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మామయ్య ముఖంలో అయితే బరువు దిగినట్టే కనిపించింది. కానీ అత్తమ్మ చేతిలోని పళ్లెం పక్కన పెట్టేసింది. ఆవిడ పెళ్లి పెళ్లికొడుకు మేనమామ వాకిట్లో జరిగింది. వాళ్ల నాన్నకు అప్పుడు స్తోమత లేదు. కన్నబిడ్డ పెళ్లికి చుట్టంలా వచ్చి, ఎవరో కూర్చోమంటే కూర్చుని, ఎవరో వడ్డిస్తే తిని, కండువా దులుపుకుని వెళ్లిపోయాడట. వచ్చినవాళ్లకు ఎదురెళ్లి 'రండి' అనే భాగ్యం ఆయనకు దక్కలేదు. అందుకే, ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి ఆ రోజు తలెత్తి చెప్పింది. "పెండ్లి నా వాకిట్లనే వదినె. ముందటి దినం నువ్వే వచ్చి పందిరి సూడు. నీ మనసుకు రాకుంటె హాలుకే పోదాం, నేను నోరు తెరువ."

"నాకు మనసుకు రాకుంటె మొకం మీదనే చెప్త," అంది ఆవిడ.

"మొకం మీదనే చెప్పు," అంది అత్తమ్మ.

అలా పందెం పడింది. మర్నాడు మామయ్య డెకరేషన్ అతన్ని పిలుచుకొచ్చారు. అతను సందు పొడవు చూసి, పూల ధర చెప్పాడు. మామయ్య మంచినీళ్లు అడిగారు. అతను వెళ్లిపోయాడు. అత్తమ్మ వడియాలు తెస్తానని దాబా మీదకు వెళ్లి, ఎంతకూ కిందకు రాలేదు.

ఉత్తరాయణ్ పండుగ, అంటే మన సంక్రాంతి, అయిపోయిన వారం అది. సూరత్‌లో ఆ పండుగకు ఊరు ఊరంతా దాబాల మీదే ఉంటుంది. తర్వాత చూడాలి, తెగిపడిన గాలిపటాలు తీగల మీదా, నీళ్ల ట్యాంకుల వెనకా, చెట్ల కొమ్మల్లోనూ ఎక్కడ పడితే అక్కడ. ఆకుపచ్చ, గులాబి, పసుపు, ఎరుపు. ఊడ్చి పారేయడమే తప్ప వాటి వైపు చూసేవాళ్లుండరు. అత్తమ్మ కొంగులో ఓ గంపెడు గాలిపటాలేసుకుని దిగివచ్చింది. వడియాలు మరిచిపోయింది. "ఇవ్వి పేక," అంది. కార్ఖానా నుంచి మామయ్య తెచ్చిన వేస్టు దారం మూట చూపించి, "అవి పడుగు," అంది. నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. నేతగాళ్ల ఇంట్లో ఈ రెండు మాటలు అంటే చాలు, ఇక విడమరచి చెప్పక్కర్లేదు. కాగితంతో పందిరి నేయాలి!

మా ఇంటి యజమానురాలు గుజరాతీ పెద్దావిడ. అందరం బా అనేవాళ్లం. ఆవిడ దాబా మొత్తం మాకు వదిలేసింది. అత్తమ్మ ఆ చివర నుంచి ఈ చివరకు దారాలు బిగించింది. చిన్నప్పుడు సిరిసిల్ల దిక్కు వాళ్ల వాడలో వీధి పొడుగునా పడుగు చాపి గంజి పెట్టేవారట. ఆ పక్కన ఆడుకుంటూ పెరిగిన చేతులు మరి. మేం గాలిపటాలను పట్టీలుగా కోసి, దారాల మధ్య కిందికీ మీదికీ దూర్చి, రెండు కొసలూ అడుగువైపు దారంతో ముడివేసేవాళ్లం. కింది వాటాలోని మరాఠీ అక్క వచ్చింది, ఎదురింటి ఒడియా వదిన వచ్చింది. అతికించడానికి మైదాపిండి ఉడకబెట్టి లై కాశాను. చీరల పెట్టెల్లో వచ్చే వెండి కాగితం కత్తిరించి, అత్తమ్మ చిలకలు చేసింది. ఒక్కో చిలకకు ఎర్ర ముక్కు, పచ్చ రెక్క. నేసిన కాగితం మీద బుటాల్లాగా వరసగా అతికించింది. మామయ్య సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఈడ జర వదులైంది," అని వంకపెట్టి పోయేవారు. ఒకసారి అత్తమ్మ లై గరిటె చూపించాక ఆ వంకలు ఆగిపోయాయి.

అది పూర్తయిన రోజు చూడాలి మీరు. అచ్చం పట్టుచీర పరిచినట్టుంది. చిలకలు ఎండకు తళతళలాడుతున్నాయి. బా మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి వచ్చి, "బహు సరస్, బహు సరస్," చాలా బాగుందంటూ అత్తమ్మ బుగ్గలు నొక్కింది.

పెళ్లి ముందు రోజు పొద్దున మగవాళ్లు దాన్ని వెదురు బొంగుకు చుట్టి, మా బాల్కనీ నుంచి ఎదురింటి బాల్కనీ దాకా సందు మీద విప్పి, నాలుగు దిక్కులా లాగి కట్టేశారు. వియ్యపురాలు సాయంత్రానికి వస్తుంది. నేను టీ గ్లాసులు పట్టుకుని సందులోకి దిగి, తలెత్తి చూశాను. చిలకలు లేవు. కనిపిస్తున్నదంతా ముడులు. ముడి ముడికీ వేలాడుతున్న దారపు కొసలు. లై ఎండిన మరకలు.

ఏమైందో మీకు అర్థమయ్యే ఉంటుంది. మాకు అర్థం కావడానికే కాసేపు పట్టింది. మేం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బట్టను పై నుంచే చూసినవాళ్లం. మగ్గం మీదా అంతే, మడతపెట్టేటప్పుడూ అంతే. ముఖం మనవైపు, ముడులు కిందవైపు. పందిరిని మాత్రం జనం కింద నిలబడి చూస్తారని, అంతమంది నేతగాళ్ల ఇంటివాళ్లలో ఒక్కరికీ తట్టలేదు! తిరగేద్దామంటే లై ఎండి కాగితం పెళుసెక్కింది, విప్పి మళ్లీ లాగితే చిరుగుతుంది. మామయ్య గడపలో కూలబడి ఫోను తీశారు. "చెప్పేస్త. హాల్లనే జేద్దాం. ఇజ్జత్ పోకముందే ఒప్పుకుంటె అయిపాయె."

అత్తమ్మ సందు మధ్యలో తలెత్తి నిలబడి ఉంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరగడం నేను చూశాను. ఏదో ఒకటి చేయాలి కదా! రోజూ చేసే పనే చేద్దామని లోపలికి పరిగెత్తి, కత్తెర, స్టూలు తెచ్చి, ఎక్కి మొదటి కొస పట్టుకున్నాను. కొసలన్నీ కత్తిరిస్తే కాస్తయినా నున్నగా కనిపిస్తుంది.

"ఆగు!" అంది అత్తమ్మ. ఆ కేకకు స్టూలు మీద నుంచి పడబోయాను. ఆవిడ నేను పట్టుకున్న దారపు కొసనే చూస్తోంది. "కత్తెర కింద పెట్టు బిడ్డా. దినాం తెంపుతనే ఉన్నం. ఇయ్యాల తెంపుడు కాదు, కట్టుడు. ఒక్కొక్క ముడికి ఒక్కొక్క పువ్వు." తర్వాత గడప వైపు తిరిగి, "ఏందయ్యా, ఇంకా ఆ ఫోను వట్టుకొని కూసున్నవ్? అవుతల పెట్టి స్టూలు వట్టు," అంది.

ఇక సందు సందంతా కదిలింది. మిగిలిన గాలిపటాలు అయిపోతే మరాఠీ అక్క పాత క్యాలెండర్లు తెచ్చింది. ఒడియా వదిన మిఠాయి డబ్బాల్లోని రంగు కాగితాలు తెచ్చింది. అవీ చాలలేదు. అప్పుడు బా లోపలికి వెళ్లి, ఒక రేకు పెట్టె తోసుకుంటూ వచ్చింది. నిండా పెళ్లి కార్డులు. ఎరుపూ బంగారు రంగూ, ఎన్నేళ్ల నుంచి దాచిందో! ఎవరి శుభమూ చెత్తలో పడకూడదని ఆవిడ నమ్మకం. ఇప్పుడు వాటిని మా ముందు కుమ్మరించింది. వాటిని మడిచాం, కోశాం, రేకులు విప్పాం. మామిడాకుల తోరణాలు కట్టడానికి వచ్చిన మగవాళ్లను కూడా కూర్చోబెట్టి పూలు మడిపించాం. మా ఆయన చేసిన పూలు క్యాబేజీల్లా ఉన్నాయి. అవి కూడా కట్టేశాం, దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది!

చివరి పువ్వు కడుతుండగానే సందు మొదట్లో ఆటోల చప్పుడైంది. వియ్యపురాలు చుట్టాలతో సహా దిగింది. సందులోకి అడుగుపెట్టి పైకి చూసింది. సాయంత్రపు ఎండ నేసిన గాలిపటాల్లోంచి దిగి, సందంతా రంగులు పరిచింది. దారాలకు పూలు వాన చినుకుల్లా వేలాడుతున్నాయి. వెంట వచ్చిన ఆడవాళ్లు "అబ్బ!" అన్నారు. ఆవిడ మాత్రం చెయ్యెత్తి ఒక పువ్వు పట్టుకుంది. దారం వెంట చూపు పైకి పోనిచ్చి, ముడి దగ్గర ఆగింది. ఎంతైనా నేతగాళ్ల బిడ్డ.

"వదినె, ఇది ఉల్టా కట్టిండ్రు గదా?"

మామయ్య నేల చూపులు చూస్తున్నారు. అత్తమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"అవును వదినె, ఉల్టానే. ముక్కోటి దేవతలు పైకెల్లి సూస్తరంటరు గదా! అందుకే మొకం వాళ్ల దిక్కు పెట్టినం."

"మరి మాకు?"

"మీకు పూలు."

వియ్యపురాలు పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వగలదని వాళ్ల చుట్టాలకే తెలియదు, పాపం. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, మా గడపలో చాప మీద కూర్చుని, "పెండ్లి ఈడనే. ఇగ ఛాయ్ పెట్టుండ్రి," అంది. మామయ్య వెంటనే లేచారు. కండువా భుజాన వేసుకుని, సందు మొదటికి ఎదురెళ్లి, వెనక వస్తున్న ఒక్కొక్కరి చేతులు పట్టుకుని "రాండ్రి, రాండ్రి," అంటూ తోలుకొచ్చారు. తలుపు చాటున నిలబడి అత్తమ్మ అది చూసింది. చూస్తూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకు దాచాలి!

మర్నాడు పెళ్లి ఆ పందిరి కిందే జరిగింది. సరిగ్గా జీలకర్రబెల్లం వేళకు అక్షింతల పళ్లెం దాబా మీద మరిచానని గుర్తొచ్చి నేను పైకి పరిగెత్తాను. పిట్టగోడ మీద నుంచి కిందకు చూశాను. సందు కనపడలేదు, జనం కనపడలేదు. చిలకలు కనపడ్డాయి, వరస వరసలుగా, వెండిలా మెరుస్తూ, వాటి కింద నుంచి సన్నాయి వినిపిస్తోంది. ఆ వేళ ఆ ముఖాన్ని దేవతలతో పాటు చూసింది నేనొక్కదాన్నే. అక్షింతలు అక్కడి నుంచే చల్లేశాను.

పెళ్లయ్యాక వియ్యపురాలు ఒక దండకు సరిపడా కాగితం పూలు తెంపుకుని వెళ్లింది, వాళ్ల గుమ్మానికి కట్టడానికి. ఆ మాఘంలోనే భేస్తాన్ నుంచి ఇద్దరొచ్చి, తమ ఇంటి పందిరి కూడా అలాగే, ఉల్టాగానే నేసి పెట్టమని అడిగారు. అత్తమ్మ వెళ్లింది, వెంట లై గిన్నెతో నేనూ.

మొన్న హాల్లో అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఆ పూల కింద నుంచి నడిపించుకుంటూ వెళ్లాను. ఆ పెళ్లి నాటి భయం, మామయ్య పాలిపోయిన ముఖం, లై మరకలు, అన్నీ గుర్తున్నాయి, కానీ తలచుకుంటే నవ్వే వస్తోంది. కాలం కూడా మా అత్తమ్మ లాంటిదే, ఏ ముడినీ పువ్వు కట్టకుండా వదిలిపెట్టదు.